చింతపండుతో తోమిన ఉల్క

మా గోదావరి డెల్టాలో రాయి ఉండదు. బయటివాళ్ళకి చెప్తే నవ్వుతారు గాని, ఒట్టు, నిజం. ఎక్కడ తవ్వండి, ఒండ్రుమట్టి, దాని కింద ఇసుక, ఇసుక కింద మళ్ళీ మట్టి. గోదారి మోసుకొచ్చి పోసిన నేల కదా. ఇంటి పునాదికి రాయి కావాలన్నా, రోడ్డుకి కంకర కావాలన్నా ఎగువన కొండల దగ్గర్నుంచి లారీల్లో రావాల్సిందే. అంచేత పొలంలో ఎవరికైనా రాయి తగిలిందంటే అది ఎవరో తెచ్చి పడేసిందైనా అవ్వాలి, లేదా పైనుంచి పడిందైనా అవ్వాలి.

ఈ ఒక్క ముక్క పట్టుకుని ఇరవయ్యేళ్ళు వేలాడాను నేను.

మాది రాజమండ్రిలో స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. మా ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు, నేను బేరాలు చూస్తాను. గిన్నె చేత్తో పట్టుకుంటే చాలు, ఎంత బరువుందో, ఇత్తడా కంచా, పాతదా కొత్తదా చెప్పేస్తాను. వేలితో కొడితే మోగే తీరును బట్టి కల్తీ చెప్తాను. ఇది గొప్ప కాదు, ఇన్నేళ్ళు అదే పని చేస్తే ఎవరికైనా వస్తుంది.

ఉల్కల పిచ్చి ఎలా పట్టిందంటే, పిల్లలు చిన్నప్పుడు సెలవులకి ఊళ్ళు తిప్పుతూ ఒక మ్యూజియానికి తీసుకెళ్ళాం. పిల్లలు ఏనుగు ఎముకల దగ్గరికి పరిగెత్తారు. నేనేమో ఒక మూల అద్దాల బీరువా దగ్గర ఆగిపోయాను. అందులో దీపం ముందు పలచటి పలక ఒకటి నిలబెట్టారు. జీడిపప్పు పాకం చూశారు కదా, బెల్లం పాకంలో పప్పులు ఇరుక్కుని ఉంటాయి? అచ్చం అలాగే, తెల్లగా మెరిసే ఇనుములో తేనెరంగు, ఆకుపచ్చ స్ఫటికాలు. వాటిలోంచి వెలుగు ఇవతలికి వస్తోంది. ఇనుమంటే కొలిమిలో మనిషి చేసేదని అప్పటిదాకా నా నమ్మకం. ఎవరూ చెయ్యని ఇనుము ఒకటుందని, అది ఆకాశం నుంచి రాలుతుందని ఆ బీరువా ముందు తెలిసింది. మా ఆయన మూడుసార్లు వచ్చి పిలిచారట. నాకు ఒక్కటీ వినపడలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఉల్కలు మూడు రకాలు. ఉత్త రాయి ఒకటి, ఉత్త ఇనుము ఒకటి, ఇవి రెండూ కలిసి గడ్డకట్టినవి ఒకటి. ఆ మూడోది బహు అరుదు. నాకు పట్టిన పిచ్చి ఆ మూడోదాని మీదే. మామూలుదైతే సులువుగా దొరికిపోయేది, నేనూ నలుగురిలా ఏ నాణేలో పోగేసుకుందును. ఏం చేస్తాం, నా బుద్ధే అంత.

ఇరవయ్యేళ్ళలో ఏడు ముక్కలు తెప్పించుకున్నాను. ఆరు చిన్నవి, చింతగింజలంత. ఏడోది మాత్రం అరచేతిలో సగం ఉంటుంది, బిస్కెట్టంత మందం, వెలుగులో పెడితే పచ్చటి అద్దాల కిటికీ. మా ఆయన పెళ్ళిరోజుకి గాజులు చేయిస్తానంటే, వద్దు మొర్రో, నాకిది తెప్పించండి అని పట్టుబట్టి తెప్పించుకున్నాను. మా అత్తగారు బతికుండగా రోజూ నా బోసి చేతులు చూసి, "గాజులు మానుకుని గాజుపెంకు కొనుక్కుందమ్మా మా కోడలు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

కొనడం ఒక ఎత్తు, కాపాడటం ఇంకో ఎత్తు. మా గాలిలో తేమకి గోడ మేకే తుప్పు పడుతుంది, ఇంక ఉల్క ఎంత! అందుకని గాలి చొరబడని స్టీలు డబ్బాలో పెట్టి, చుట్టూ తేమ పీల్చే గుళికల పొట్లాలు పేర్చాను. కొత్త చెప్పుల డబ్బాల్లో వస్తాయే, అవి. ఎవరింట్లో చెప్పులు కొన్నా ఆ పొట్లం నాకే రావాలి. చుట్టాలు పెళ్ళికి పిలవడం మర్చిపోయారు గాని పొట్లాలు పంపడం మర్చిపోలేదు.

అయితే కొన్నవి కొన్నవే. నా మనసులో ఉన్నది వేరు. ఈ మట్టిలో, ఈ రాయిలేని నేలలో పడ్డ ఒక్క రాతి ఇనుప ఉల్క నాకు దొరకాలి. నా కళ్ళతో నేను గుర్తుపట్టాలి. నా డబ్బాలో ఎనిమిదోదిగా కూర్చోవాలి. మన దేశంలో దొరికిన ఉల్క సర్కారుకి చెందుతుందని నియమం ఉంది, అదీ నాకు తెలుసు. దొరికినప్పుడు చూద్దాంలే అనుకునేదాన్ని.

అందుకని కొట్టుకి వచ్చిన ప్రతి రైతునీ అడిగేదాన్ని. బిందె చూపిస్తూ, "ఏమండీ, మీ పొలంలో ఎప్పుడైనా బరువైన నల్లరాయి తగిలిందాండీ?" అని. కొందరు మనసుపడి తెచ్చారు కూడా. పంచదార ఫ్యాక్టరీ బాయిలర్లో మిగిలిన చిట్టెం ఒకాయన తెచ్చాడు, విరిగిన తిరగలి ముక్క ఒకావిడ తెచ్చింది, లారీ బేరింగు ఒకటి పట్టుగుడ్డలో చుట్టుకుని వచ్చింది. తెచ్చిన వాళ్ళకి కాఫీ ఇచ్చి, కాదండీ అని చెప్పి, రాయి వెనక్కిచ్చి పంపేదాన్ని. బజార్లో నాకు రాళ్ళమ్మ అని పేరు పడిపోయింది. "రాళ్ళమ్మ గారి కొట్టు ఎక్కడండీ" అని అడిగితే ఆటోవాళ్ళు తిన్నగా మా గుమ్మంలో దింపేవారు. బోర్డు మీద మా మామగారి పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే ఏం లాభం!

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫోను మోగింది. మొగల్తూరు దగ్గర పల్లెటూరి రైతు. అంతకు ముందు ఏడాది ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి సామాన్లన్నీ మా దగ్గరే కొన్నాడు. నా ప్రశ్న గుర్తుపెట్టుకున్నాడు మహానుభావుడు.

"అక్కగారూ, చేపల చెరువు తవ్విస్తున్నామండి. పొక్లెయిన్ తొట్టికి ఏదో ఖంగుమని తగిలింది. రాయండి. కొబ్బరికాయంత లేదు గాని ఒక్క చేత్తో లేవట్లేదండి. మా బావమరిది స్పీకరులో అయస్కాంతం ఊడదీసి పెడితే పట్టేసుకుందండి."

ఫోటో పంపమన్నాను. వచ్చింది. మట్టి కొట్టుకుని, నల్లగా, పిండిముద్ద మీద బొటనవేలితో నొక్కినట్టు గుంటలు గుంటలుగా.  ఆ నల్లటి పైపొర ఉందే, అదే అసలు గుర్తు. గాల్లో మండుతూ దిగేటప్పుడు కట్టే పెచ్చు అది.

"బాబూ, దాన్ని ఏం చెయ్యకండి. కడగొద్దు, తుడవొద్దు. మట్టితో అలాగే ఉంచండి. ఆదివారం కొట్టు సెలవు, పొద్దున్నే వచ్చేస్తాం" అన్నాను.

"అలాగేనండి" అన్నాడు.

ఇక్కడ పుట్టి పెరిగిన దాన్ని, నాకైనా తెలియొద్దూ? మా వైపు "అలాగేనండి" అంటే మీరు చెప్పినట్టు చేస్తామని కాదు. మీ మాట కాదని మిమ్మల్ని బాధపెట్టలేమని. ఆ రెండు రోజులు నేను బేరాలు చెడగొట్టాను, పాలు పొంగబెట్టాను, మా ఆయన కాఫీలో ఉప్పు వేశాను. ఆయన తాగేసి, "ఎనిమిదోది దొరికేదాకా ఇంతేనా, తర్వాత కూడా ఇంతేనా?" అని అడిగారు.

ఆదివారం ఆరింటికే కారెక్కాం. రావులపాలెంలో మా ఆయన కారు ఆపారు. ఒకరింటికి వెళ్తూ ఉత్తచేతులతో ఎలా వెళ్తామని అరటిగెల కొనాలన్నారు. నిజమే. కాని కొనేది ఒక్క గెల. దానికి మార్కెట్టంతా తిరిగారు. ఇది పచ్చిది, ఇది ముగ్గింది, ఇందులో కాయ సన్నం అంటూ. కార్లో కూర్చుని హారన్ మీద హారన్ కొట్టాను. తాపీగా చక్కెరకేళి గెల భుజాన వేసుకుని వచ్చి, "రాయి ఎక్కడికీ పారిపోదు గాని, నువ్వు కాస్త బీపీ చూసుకో" అన్నారు. పళ్ళు నూరుకున్నాను.

పదింటికి వాళ్ళ ఊరు చేరాం. కొత్త డాబా ఇల్లు, వెనక తవ్వుతున్న చెరువు. రైతూ, ఆయన భార్యా గేటు దాకా ఎదురొచ్చారు. ఆవిడ నలభై ఏళ్ళ మనిషి, నవ్వుముఖం. నన్ను వదినగారూ అని, మా ఆయన్ని అన్నయ్యగారూ అని వరస కలిపేసింది.

"రాయేదండీ?" అన్నాను చెప్పులు విప్పకుండానే.

"వచ్చీ రాగానే రాయేంటి వదినగారూ! మజ్జిగ తాగండి ముందు."

మజ్జిగ తాగాను. రాయన్నాను. తవ్విన చెరువు చూడమన్నారు. చూశాను. రాయన్నాను. కొబ్బరిబొండాలు దింపించారు. అవీ తాగాను. మళ్ళీ రాయనేసరికి ఆ రైతు చేతులు కట్టుకుని, "భోంచేశాకండి. ఎక్కడికి పోద్దండి!" అన్నాడు. కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగాను.

భోజనం గురించి చెప్పకపోతే పాపం. వాళ్ళు చేపల వాళ్ళు, మేం నీచు ముట్టని కోమట్లం. ఆ ఇల్లాలు ముందురోజే వంటిల్లంతా కడిగి, మా కొట్లో కొన్న గిన్నెల్లో అసలు వాడనివి ఏరి, వాటిల్లోనే మాకు వండింది. పనసపొట్టు కూర, ముద్దపప్పు, మామిడికాయ పచ్చడి, గుమ్మడి వడియాలు, మజ్జిగపులుసు, బొబ్బట్లు, గడ్డపెరుగు. మా ఆయన రాయి సంగతి ఎప్పుడో మర్చిపోయి మూడో బొబ్బట్టు మీద నెయ్యి వేయించుకుంటున్నారు. విస్తరి ముందు నేను ఎంత కుదురుగా కూర్చున్నానో ఆ దేవుడికే తెలియాలి.

చేతులు కడుక్కుని వచ్చాక, ఆవిడ లోపలికెళ్ళి పెద్ద ఇత్తడి పళ్ళెం రెండు చేతులా మోసుకొచ్చింది. మీద కొత్త తువ్వాలు కప్పి ఉంది. నా ముందు పీట మీద పెట్టి, "తియ్యండి వదినగారూ" అంది.

తీశాను.

తళతళా మెరిసిపోతోంది. నల్లటి పెచ్చు లేదు. మట్టి లేదు. బొటనవేలి గుంటలు సగం అరిగిపోయాయి. పసుపు రాసి, మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టి, మీద ఒక మందారపువ్వు. మా కొట్టు షోకేసులో పెట్టే సామాను కూడా అంత మెరవదు.

 నా ఒళ్ళు మండింది. నాకు కోపమొస్తే ముందూ వెనకా కనపడదు.

"ఏం పని చేశారండీ ఇది! ముట్టుకోవద్దని చెప్పానా లేదా? అసలు దాని విలువంతా ఆ పైపొరలో ఉంది. అది చూసేగా పైనుంచి పడిందో, ఫ్యాక్టరీ చెత్తో చెప్పేది! ఇరవయ్యేళ్ళు ఎదురుచూశానండీ, ఇరవయ్యేళ్ళు! ఇప్పుడిది ఏంటని చెప్పను? ఎవరండీ మీకు తోమమని చెప్పింది?"

 రైతు తల దించుకున్నాడు. ఆ ఇల్లాలి ముఖంలో నవ్వు పోయింది. మెల్లగా అంది: "ఎవరూ చెప్పలేదండి. రాజమండ్రి నుంచి మీరు పనిగట్టుకుని వస్తుంటే, మట్టిముద్ద తెచ్చి ముందు పెడతామా వదినగారూ? శుక్రవారం రాత్రి చింతపండు పులుసులో నానేశాను. నిన్నంతా ఇటికపొడీ కొబ్బరిపీచూ పెట్టి తోమాను. ఒక పక్క మరీ మొండిగా ఉంటే బట్టలుతికే బండ మీద అరగదీశాను. ఇంకా నల్లగా ఉందని పొద్దున్న మళ్ళీ పులుసు పట్టించాను."

చెప్తూ చేతులు కొంగులో దాచుకుంది. అప్పుడు చూశాను. వేళ్ళ చివరలు పగిలిపోయి, ఎర్రగా చర్మం లేచిపోయి ఉన్నాయి. ఆ చేతులతోనే పొద్దున్నించీ మాకు బొబ్బట్లు ఒత్తింది.

మా ఆయన నా పక్కకి వచ్చి నెమ్మదిగా, "ఏమోయ్, ఇప్పుడే వీళ్ళ అన్నం తిన్నాం" అన్నారు. అంతే.  నాకు తల కొట్టేసినట్టయింది. ఇత్తడి సామాను అమ్ముకునేదాన్ని నేను, ఇంటికి చుట్టం వస్తే సామాను తోమి పెట్టడం ఎవరికి తెలియదు! నా అంగట్లో పళ్ళెం కొన్న ప్రతి ఇల్లాలికీ, "చింతపండుతో తోమండమ్మా, మెరిసిపోద్ది" అని చెప్పి పంపేది నేనే కదా. ఈవిడకీ చెప్పే ఉంటాను.

ముఖం దాచుకోవడానికి పళ్ళెం పట్టుకుని అరుగు చివరికి వెళ్ళాను. పొద్దు వాలుతోంది. ఎండ ఏటవాలుగా పడుతోంది. అరగదీసిన పక్క ఇటు తిరిగి ఉంది. ఊరికే, ఏదో చెయ్యాలని, కొంగుతో పసుపు తుడిచి వెలుగులో అటూ ఇటూ వంచాను.

గీతలు.

ముందు పీచు గీసిన గీతలనుకున్నాను. కళ్ళజోడు పైకి తోసి దగ్గరగా చూశాను. కాదు. ఈ చివర్నుంచి ఆ చివరికి తిన్నగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ, చాప అల్లికలా సన్నటి పట్టీలు. వంచితే ఒక వరస వెలుగుతోంది, ఇటు వంచితే ఆ వరస ఆరిపోయి ఇంకో వరస వెలుగుతోంది.  అరుగు మీదే కూలబడ్డాను.

ఆ అల్లిక భూమ్మీద ఏ కొలిమిలోనూ రాదు. ఇనుమూ నికెలూ కలిసి, ఆకాశంలో ఎక్కడో, లక్షల ఏళ్ళు కొంచెం కొంచెంగా చల్లారితేనే వస్తుంది. అది చూడాలంటే ప్రయోగశాలలో ఉల్కని కోసి, నున్నగా అరగదీసి, యాసిడ్ పట్టించాలి. ఈ మహాతల్లి చేసిందేంటి? బండ మీద అరగదీసింది. చింతపండు పులుసు పట్టించింది. ఒకసారి చాలదని రెండోసారి పట్టించింది! ఒక అంచున స్ఫటికం కూడా కనపడింది. మిగతావి మట్టిలో నాని తుప్పురంగుకి తిరిగాయి గాని, అదొక్కటి తోముడుకి బయటపడింది. ఫోను టార్చి పెడితే లోపల పచ్చగా వెలిగింది.

"వదినా!" అని అరిచాను. వయసులో నాకంటే చిన్నది, వరసకి మరదలు, అయినా నా నోటికి అదే వచ్చింది. "ఇటు రా, ఇటు రామ్మా! నీ చేతులకి దణ్ణం పెట్టాలి!"

పరిగెత్తుకొచ్చింది. పట్టుకుని వాటేసుకున్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. నన్ను క్షమించమన్నాను. ఆవిడకి కంగారు, "అయ్యో, అంత మాటెందుకండీ" అంటోంది. అందరికీ వంచి వంచి చూపించాను. రైతు చూశాడు, బావమరిది చూశాడు, పొక్లెయిన్ ఆపరేటర్ వచ్చి చూశాడు, పక్కింటివాళ్ళు గోడ మీంచి చూశారు.

"అంటే మంచిదేనంటారాండీ?" అన్నాడు రైతు.

"పైనుంచి పడ్డదేనండీ! అందులోనూ రాయీ ఇనుమూ కలిసింది! ఉల్కకి పడ్డ ఊరి పేరే పెడతారు తెలుసా? మీ ఊరి పేరుతో ప్రపంచమంతా చదువుతారు!"

నోటికి ఎంత వస్తే అంత అనేశాను. సంతోషం అలాంటిది. బయల్దేరేటప్పుడు ఆ దంపతులు పళ్ళెంతో సహా రాయిని నా చేతుల్లో పెట్టారు. "ఇది మీ దగ్గరుండాల్సిందేనండి. మాకేం తెలుసు" అన్నాడాయన. పళ్ళెం వద్దన్నాను. "బాగుందండీ, శుభమైన వస్తువు, ఉత్తచేతుల్లో పెడతామా" అంది ఆవిడ. దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తొడలు తిమ్మిరెక్కినా దించలేదు.

పదిరోజులు ఉంది మా ఇంట్లో. నా ఇరవయ్యేళ్ళ కోరిక. పెళ్ళిళ్ళకి లడ్డూలు పోసే పెద్ద డబ్బాలో, ఊళ్ళోవాళ్ళ చెప్పుల పొట్లాలన్నీ పోసి, మధ్యలో కూర్చోబెట్టాను. పొద్దున్నే లేచి మూత తీసి, ఎండలో వంచి, అల్లిక చూసుకుని గాని కొట్టుకి వెళ్ళేదాన్ని కాదు.

మూడోరోజు మా ఆయన అడిగారు, "భూగర్భ శాఖ వాళ్ళకి ఉత్తరం రాశావా?" అని. రాస్తానన్నాను. ఆరోరోజు అడిగారు. రాస్తానన్నాగా అన్నాను. ఎనిమిదోరోజు అడిగితే, "మీకు గాజుల ఖర్చు తప్పించాను, నన్ను దీన్నైనా చూసుకోనివ్వండి!" అని గయ్యిమన్నాను. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరికి తెలుస్తుంది? చేపల చెరువులో దొరికిన రాయి, రాజమండ్రిలో లడ్డూ డబ్బాలో ఉందని ఎవరు వచ్చి చూస్తారు? అలా కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

పదోరోజు ఫోనొచ్చింది. ఆ ఇల్లాలు. "వదినగారూ, మరేం లేదండీ. మా ఊరి పేరు పెడతారన్నారు కదా, ఊళ్ళో అందరూ అడుగుతున్నారండి, ఎప్పుడు పెడతారని. మా వారు పంచాయతీలో కూడా చెప్పేశారు. మా ఊరికి బస్సు బోర్డు మీద కూడా పేరుండదండీ, పక్కూరి పేరే రాస్తారు. అందుకని అడిగానండి, తొందరేం లేదు."

ఫోను పెట్టేసి లడ్డూ డబ్బా ముందు కాసేపు కూర్చున్నాను. ఆ మూత వేసినంతకాలం ఆ ఊరికి పేరు రాదు. నాకు ఎనిమిదోది, వాళ్ళకి ఏమీ లేదు. లేచి కాగితం తీసుకుని ఉత్తరం రాశాను. మా ఆయన పక్కన నిలబడి ఊరి పేరులో అక్షరాలు సరిగా రాశానా లేదా చూశారు.

వానలు మొదలయ్యాక భూగర్భ శాఖ నుంచి ఇద్దరొచ్చారు, ఒక పెద్దాయన, ఒక చిన్నమ్మాయి. ఆ అమ్మాయి భూతద్దం పెట్టి చూసి, "ఈ యాసిడ్ పని ఎవరు చేశారండీ? ఎక్కడ చేయించారు?" అని అడిగింది. చింతపండు అన్నాను. నవ్వి నవ్వి ఆ పిల్లకి పొలమారింది. పెద్దాయన నవ్వకుండా పుస్తకంలో అది కూడా రాసుకున్నారు. దొరికిన చోటు అన్న గడిలో ఆ ఊరి పేరు రాయించాను. పేరు ఖాయం కావడానికి టైము పడుతుందన్నారు. రసీదు ఇచ్చి, చెక్కపెట్టెలో పెట్టుకుని పట్టుకెళ్ళారు. వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చాను. లోపలికొచ్చాక ఏడ్చాను, అబద్ధమెందుకు.

బల్ల మీద ఇత్తడి పళ్ళెం మిగిలింది. మంచి పాత పళ్ళెం, అంచు మందం, వేలితో కొడితే గంటలా మోగేది. తిరిగి ఇచ్చెయ్యాలి. మా వైపు ఒకరింటి గిన్నె ఉత్తిది తిప్పి పంపరు. కూర వచ్చిన గిన్నెలో కనీసం గుప్పెడు పంచదారైనా వేసి పంపుతాం. మరి ఆకాశం నుంచి రాలినదాన్ని పెట్టి ఇచ్చిన పళ్ళెంలో ఏం వేసి పంపను? పూతరేకులా? చీరా జాకెట్టు ముక్కా? కొట్టునిండా సామానుంది, ఏదీ ఆ పళ్ళెంలో నిలవట్లేదు. మూడురోజులు అటూ ఇటూ తిరిగాను.

నాలుగోరోజు నా డబ్బా తెరిచాను. ఏడోది తీశాను. గాజుల బదులు వచ్చినది. ఆఖరిసారి కిటికీలో పట్టుకుని చూసుకుని పళ్ళెంలో పెట్టాను.

వెనక మా ఆయన ఉన్నారని తెలియదు. ఏమంటారో అని బిగుసుకున్నాను. ఆయన కొట్లోకి వెళ్ళి, రబ్బరు పట్టీ ఉన్న చిన్న డబ్బా ఒకటి కొత్తది తెచ్చి, అడుగున మూడు పొట్లాలు సర్ది నా చేతికిచ్చారు.

మళ్ళీ ఆదివారం వెళ్ళాం. రావులపాలెంలో ఈసారి గెల నేనే ఏరాను, ఎంతసేపు పట్టిందో చెప్పను. ఆవిడ పళ్ళెం అందుకుని, డబ్బా తెరిచి, "నాకా! ఇంత ఖరీదైంది నాకెందుకు వదినగారూ?" అంది. వంటింటి కిటికీ దగ్గర ఎలా పట్టుకోవాలో చూపించాను. ఎండ స్ఫటికాల్లోంచి దిగి, పచ్చగా, తేనెరంగుగా ఆవిడ చేతుల మీద పడింది. వేళ్ళు మానాయి. ఆ చేతుల మీద ఆ వెలుగు చూస్తుంటే, ఇన్నేళ్ళు డబ్బాలో మూసిపెట్టి నేను కాపాడింది దేన్నా అనిపించింది. ఎంత సంతోషమేసిందో నోటితో చెప్పలేను.

వచ్చేటప్పుడు గేటు దగ్గర పదిసార్లు చెప్పాను. తడి తగలకూడదు, చూసుకున్నాక మూత బిగించెయ్యాలి, ఏం జరిగినా కడగకూడదు, చింతపండు మాట అస్సలు తలపెట్టకూడదు అని.

"అలాగేనండి" అంది.

ఆ మాటతో నాకు ఆ ఏడాది వానాకాలమంతా నిద్రపట్టలేదు. మొన్న శ్రావణ శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేసింది. "వదినగారూ, ఇవాళ దేవుడి సామానంతా కిందకి దింపి తోమేశానండి. పళ్ళెం కూడా మెరిసిపోతోంది."

 "అమ్మా, మరి రాయి?"

"దాని జోలికి పోలేదండి," అంది. "బొట్టు కూడా డబ్బా మూతకే పెట్టాను."